గీత పడని జానెడు

"ఈ అద్దం సరిగ్గా తెగిందా, కొట్టు మా దగ్గరే ఉంటుంది. పగిలిందా, తాళాలు తెచ్చి నీ చేతిలో పెడతాను. ఇక ఆ సంగతి నా దగ్గర ఎత్తొద్దు" అని మరిది మొహం మీదే అనేసింది ఆవిడ.

అన్నాక గానీ తను అన్నదేమిటో తనకే తెలియలేదు. సూదిలోంచి జారిన దారమైతే మళ్ళీ ఎక్కించుకోవచ్చు. నోట్లోంచి జారిన మాటను ఏం చేసుకుంటారు? పోనీ అన్నది నలుగురూ లేని చోటా అంటే అదీ కాదు. అద్దాల కొట్టు నడిమధ్యలో, స్టూలు మీద మొహం గంటు పెట్టుకుని కూర్చున్న మొగుడి ఎదురుగా అంది. ఆయన విన్నాడు. విని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

మరిది చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే నాలుగు దులిపి పంపించేసేది. "వదినా, అన్నయ్య ఇక కట్టర్ పట్టుకోలేడు. మీకా, పని రాదు. ఊరికే షట్టర్ ఎత్తడం, దించడం ఎన్నాళ్ళని? ఫోన్ల కొట్టు పెట్టుకుంటానని ఒకాయన అడుగుతున్నాడు. ఇచ్చేసి మా ఇంటికొచ్చేయండి. మేడమీద గది ఖాళీగానే ఉంది" అన్నాడు. ప్రతి మాటా నిజమే. నిజం కాబట్టే ఆవిడకు ఒళ్ళు మండింది. ఆ గదిలో మంచం ఎక్కితే ఆయన ఇక దిగడు. పొద్దస్తమానం పైకప్పు చూస్తూ పడుకుంటాడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. కొట్టు పోతే దాని వెంటే మనిషి కూడా పోతాడని ఆవిడ భయం. ఆ భయమే నోటికొచ్చినట్టు మాట్లాడింది.

రేపు మధ్యాహ్నం వస్తానన్నాడు మరిది. ఆ ఫోన్ల కొట్టాయన్ని కూడా తీసుకొస్తానన్నాడు, చూసిపోవడానికి.

ఆ కొట్టు మామగారి కాలంనాటిది. ముందు భాగంలో అద్దాలు, గాజు పలకలు, దుప్పటి పరిచిన పెద్ద బల్ల. వెనక మూలలో ఆవిడ కుట్టుమిషన్. పెళ్ళైన కొత్తలో వీధంతా ఆయన్ని అద్దాలాయన అనీ, ఆవిడను కుట్టుపనావిడ అనీ పిలిచేది. ఇప్పటికీ అవే పేర్లు. ఇద్దరూ ఒకే కప్పు కింద పని చేసుకునేవాళ్ళు, కానీ ఆయన కట్టర్‌ను మాత్రం ఆవిడను ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకసారి దాన్ని తుడిచి పక్కన పెట్టిందని ఒంటికాలి మీద లేచాడు. ముక్కు మీద కోపం. అయినా పనిలో మాత్రం దేవుడు. మనిషి ఎత్తు అద్దాన్ని కూడా ఒక్క లాగులో గీసి, కట్టర్ పిడితో కిందనుంచి టకటకమని తట్టి, రొట్టె విరిచినట్టు విరిచేసేవాడు. కుట్టుమిషన్ ఆగినప్పుడల్లా ఆవిడ చూపు ఆ బల్ల మీదే ఉండేది. ఆయన ఎవరికీ నేర్పలేదు. ఆవిడ మాత్రం ఎవరికీ చెప్పకుండా నేర్చుకుంది, చూపుతో.

చెట్టంత మనిషిని పక్షవాతం ఒక్క పొద్దున్న పడగొట్టింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని మోయాల్సిన వస్తువైంది. మూతి ఒక పక్కకు జారింది. మాట వస్తుంది, ముద్దగా వస్తుంది. కొట్టులోకి అడుగుపెట్టగానే ఆయన చేయించిన మొదటి పని, అద్దాలన్నింటినీ గోడవైపు తిప్పించడం. అద్దాల కొట్టులో మొహం చూసుకోవడానికి అద్దం లేదు. గడ్డం గీయడానికి ఎదురు సెలూనాయన రోజు విడిచి రోజు వచ్చిపోయేవాడు. కబుర్లపోగు. "బావగారూ, అద్దం చూపించమని అడగని కస్టమరు నాకు మీరొక్కరే. ఎలా గీసినా పేరు పెట్టరు" అని నవ్వించబోయేవాడు. ఆయన నవ్వేవాడు కాదు.

మిగిలిపోయిన ముక్కల మీద ఆవిడ చెయ్యి తిప్పడం మొదలుపెట్టింది. చిన్న ముక్కలు బాగానే తెగాయి. ధైర్యం వచ్చి ఒక కిటికీ పలక ఒప్పుకుంది. అక్కడే కొంప మునిగింది. గీత గీసింది. సన్నగా పడిందేమోనని అనుమానం వచ్చింది. ఇన్నేళ్ళ కుట్టుపని అలవాటు ఊరుకుంటుందా? గుడ్డ మీద సుద్దగీత సరిగ్గా కనిపించకపోతే దాని మీదే ఇంకోటి గీస్తారు. కుట్టు వంకరపోతే విప్పి మళ్ళీ వేస్తారు. చెయ్యి తనంతట తనే వెనక్కి వెళ్ళి, అదే గీత మీద మళ్ళీ నడిచింది. గాజుకు ఆ సరదాలు లేవు. ఒకసారి గీసిన చోట రెండోసారి కట్టర్ కొసన ఉండే చక్రం పడితే ఎటు పగలాలో దానికి తెలియదు. విరవబోతే సాలెగూడులా పగిలి ఆవిడ కాళ్ళ దగ్గర పడింది.

"నీకెందుకే ఇది!" అని ఆయన ఎడమచేత్తో కట్టర్‌ను విసిరికొట్టాడు. ఆ తర్వాత మాట్లాడటమే మానేశాడు. ఆవిడ ఆ కట్టర్‌ను ఏరుకుని, చక్రం చెడలేదని చూసుకుని, కుట్టుమిషన్ సొరుగులో పెట్టుకుంది. బాత్రూంలోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చింది. బయటికొచ్చి ఇంకో ముక్క తీసుకుంది.

సెలూన్‌లో కుర్చీ వెనక్కి పడి గోడ అద్దం నిలువునా చిట్లింది ఆ వారంలోనే. "చెల్లెమ్మా, నా కస్టమర్లకి రెండేసి మొహాలు కనిపిస్తున్నాయి. రెండు గడ్డాలకీ డబ్బులు అడిగితే గొడవకొస్తున్నారు. కొత్తది నువ్వే కోసిపెట్టాలి" అన్నాడు సెలూనాయన. పెద్ద షీటు కొట్టులో ఒక్కటే ఉంది. అది పోతే ఇంకోటి తెప్పించే స్తోమత లేదు, తెప్పించమని అడిగే మొహమూ ఉండదు. ఒప్పుకుంది. ఆ మర్నాడే మరిది వచ్చాడు. నోరు జారింది.

అలా ఆ మధ్యాహ్నం వచ్చేసింది.

ఆవిడ పొద్దున్నే తాళాల గుత్తి తెచ్చి బల్ల చివర పెట్టింది. మాట అంటే మాటే. తర్వాత సెలూనాయన సాయంతో షీటును గోడ దగ్గర్నుంచి తెచ్చి, దుప్పటి మీద వెల్లకిలా పరిచింది. అద్దాన్ని ముందువైపునుంచే గీయాలి, వెనక పూత ఉంటుంది. అంటే, గీసేంతసేపూ తన మొహం తనకే కనిపిస్తూ ఉంటుంది. ఇన్నాళ్ళుగా అద్దాలన్నీ గోడవైపు తిరిగి ఉండటంతో ఆవిడ కూడా తనను తాను సరిగ్గా చూసుకోలేదు. ఎవరిదీ ఈ చిక్కిపోయిన మొహం? కళ్ళ కింద ఈ నలుపేమిటి? తల తిప్పేసుకుంది.

మెడలోంచి టేపు తీసి కొలిచింది. మళ్ళీ కొలిచింది. కొలవడానికి మాత్రం ఎన్నిసార్లయినా అభ్యంతరం లేదు.

"అన్నయ్యా, ఈ కర్రబద్ద ఆ కొస మీరు పట్టుకోండి. కదలకూడదు. మాట్లాడకూడదు."

"కదలను. మాట్లాడకుండా ఉండటం మాత్రం నా వల్ల..." అని ఆవిడ మొహం చూసి నోరు మూసుకున్నాడు సెలూనాయన. ఆయన నోరు మూయించడం వీధిలో ఎవరి వల్లా కాని పని.

మొగుడు స్టూలు మీద గోడవైపు తిరిగే ఉన్నాడు. వీపు మాత్రం నిటారుగా అయింది. ఆ వీపు వింటోందని ఆవిడకు తెలుసు. గాజును చెవితో కొయ్యాలనేవాడు ఒకప్పుడు. చక్రం పట్టు మీద ఉంటే సర్రుమని ఒకే శబ్దం వస్తుంది. శబ్దం తెగిందంటే గీత తెగిందన్నమాట.

చక్రం సాఫీగా తిరగడానికి కట్టర్ కొసను కిరోసిన్‌లో ముంచింది. అరచెయ్యి చెమటపడితే బట్టకు తుడుచుకుంది. అవతలి అంచు మీద చక్రం ఆనించి తనవైపు లాగడం మొదలుపెట్టింది.

సర్ర్...

బాగుంది. పట్టు మీదే ఉంది. ఆవిడ లాగుతూ ఒక్కో అడుగూ వెనక్కి వేస్తోంది. సెలూనాయన బద్దను ఊపిరి బిగబట్టి పట్టుకున్నాడు. సగం దాటింది. ముప్పావు వచ్చింది. ఇంకొంచెం, ఇంకొంచెమే.

అప్పుడు అద్దంలో ఇంకో మొహం కనిపించింది.

ఆయన లేచాడు. శబ్దం విని ఉండబట్టలేక లేచి, గోడ పట్టుకుని వచ్చి, ఆవిడ భుజం వెనక నిలబడ్డాడు. పక్కకు జారిన మూతి, మాసిన గడ్డం, అద్దంలో ఆవిడ మొహం పక్కనే. ఆయన కూడా చూశాడు. ఎన్నో నెలల తర్వాత తన మొహాన్ని చూసుకుని ఉలిక్కిపడ్డ ఆ కళ్ళను ఆవిడ చూసింది. చూసినప్పుడు చెయ్యి తేలికపడింది.

శబ్దం ఆగింది. చెయ్యి నడుస్తూనే ఉంది, చక్రం అద్దాన్ని తాకుతూనే ఉంది, కానీ శబ్దం లేదు. జానెడు మేర అద్దం మీద గీత పడలేదు.

ఆ క్షణంలో ఆవిడ ఒంట్లోని కుట్టుపని అంతా లేచి ఒక్క గొంతుతో అరిచింది: వెనక్కి వెళ్ళు, వదిలేసిన చోట మళ్ళీ గియ్యి! మణికట్టు వెనక్కి కదలబోయింది కూడా. ఎలా ఆపిందో ఆవిడకే తెలియదు. పళ్ళు బిగించింది. కళ్ళు అద్దం మీద నుంచి తీసి చక్రం మీద పెట్టింది. పోయింది పోయిందిలే, ఉన్నది చూడు అని తనను తాను తిట్టుకుంటూ మళ్ళీ బరువు వేసింది. సర్రుమని శబ్దం తిరిగొచ్చింది. మిగిలిన గీతను అంచుదాకా లాగి, కట్టర్ ఎత్తేసింది.

"అయిపోయిందా?" అన్నాడు సెలూనాయన, బద్ద వదలకుండానే.

"లేదు. మధ్యలో జానెడు పోయింది."

మరిది గుమ్మంలోకి వచ్చింది అప్పుడే. వెనక ఫోన్ల కొట్టాయన, చేతిలో కొలతల టేపుతో. మరిది బల్ల దగ్గరికి వచ్చి వంగి చూశాడు. మంచి కళ్ళే ఉన్నాయి మహానుభావుడికి.

"అయ్యో, ఇక్కడ గీత పడలేదే వదినా. దానిదేముంది, ఇంకోసారి గీసేయండి."

"వద్దు!"

ఆ గొంతు అందరికీ కొత్తగా వినిపించింది. ముద్దగా, బొంగురుగా, అయినా కొట్టంతా వినిపించేలా అరిచాడు ఆయన. ఇన్ని రోజుల మౌనం తర్వాత వచ్చిన మొదటి మాట అది.

ఆవిడ ఆయనవైపు తిరిగింది. ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. "నాకు భయంగా ఉందండీ" అంది. "దీన్ని బల్ల అంచు బయటికి జరిపి నేను రెండు చేతులా పట్టుకోవాలి. లేకపోతే బరువుకి పడిపోతుంది. కిందనుంచి ఎవరో ఒకరు తట్టాలి. ఎక్కడ ఎంత తట్టాలో ఇక్కడ మీకొక్కరికే తెలుసు."

ఆయన పక్కన వేలాడే కుడిచేతిని చూపించాడు.

"అదెవరడిగారు? రెండోది ఉందిగా!"

అంత గట్టిగా ఆయనతో ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. తిడతాడనే అనుకుంది. కట్టర్‌ను మళ్ళీ విసిరికొడతాడనే అనుకుంది. అయినా దాన్ని ఆయనవైపే చాపి పట్టుకుంది.

ఆయన ఎడమచెయ్యి చాపాడు. పుచ్చుకున్నాడు.

షీటును మిగతా నలుగురూ కలిసి జాగ్రత్తగా జరిపారు. గీత ఉన్న భాగం బల్ల అంచు దాటి బయటికి వచ్చింది. బల్ల మీది భాగాన్ని ఒక కొసన సెలూనాయన, ఇంకో కొసన మరిది అదిమి పట్టుకున్నారు. మరిది చేతులు చూస్తే ఆఫీసు చేతులు, అయినా పట్టు గట్టిదే. బయటి భాగాన్ని ఆవిడ రెండు చేతుల మీద మోసింది. ఆయన బల్ల కాలు పట్టుకుని, మూలుగుతూ, నేల మీద కూర్చున్నాడు.

కిందనుంచి ఆయనకు కనిపించేది నల్లటి పూత ఒక్కటే. గీత ఎక్కడుందో పైనున్న ఆవిడకే తెలుస్తుంది. ఇన్నేళ్ళూ ఆ బల్ల దగ్గర ఆర్డర్లు వేసిన మనిషి ఇప్పుడు ఆవిడ మాట కోసం చెయ్యెత్తి కూర్చున్నాడు.

"కొంచెం ఎడమకి" అంది. "ఇంకొంచెం. అక్కడే. తట్టండి."

టక్. చెయ్యి గురి తప్పింది. పక్కన తగిలింది. ఎడమచేతికి పని కొత్త. కింద ఆయన ఊపిరి వినిపిస్తోంది, పరుగెత్తి వచ్చిన మనిషిలా.

"పరవాలేదు. కుడికి ఒక వేలెడు. ఆఁ."

టక్. టక్.

గీత లోపల, చీలిక మొదలైన గుర్తుగా, వెండిదారం లాంటి మెరుపు ఒకటి అంచు దగ్గర పుట్టింది. తట్టినప్పుడల్లా కాస్త కాస్త ముందుకు పాకింది. ఆవిడ దాని వెంటే మాటలు పంపింది: ముందుకు, ఇంకా ముందుకు, అక్కడే. గీత పడని జానెడు దగ్గరికి వచ్చి ఆ మెరుపు ఆగిపోయింది.

"ఆగిపోయిందండీ."

ఆవిడ చేతులు లాగేస్తున్నాయి. అద్దం బరువు భుజాల్లోకి దిగుతోంది.

"అవతలి పక్క నుంచి" అన్నాడు ఆయన ముద్దగా. "ఆ కొస నుంచి తెస్తా. ఎదురుగా."

మోకాళ్ళ మీద దేకుతూ అటువైపు వెళ్ళాడు. ఆవిడ చెప్పింది, ఆయన తట్టాడు. రెండో మెరుపు ఆ కొసలో పుట్టి ఇటు నడిచింది. అది కూడా జానెడు దగ్గర ఆగింది. ఇప్పుడు రెండు మెరుపుల మధ్య ఉత్త అద్దం, అందులో ఆవిడ కళ్ళు.

"ఇప్పుడు మధ్యలోనండీ. సరిగ్గా నా గొంతు కింద. మెల్లిగా."

"మెల్లిగా కాదు" అన్నాడు ఆయన. "ఒక్కసారే. నువ్వు కిందికి వంచు, నేను కొడతా. ఇద్దరం కలిసి. నువ్వు చెప్పు ఎప్పుడో."

ఆవిడ కళ్ళు మూసుకోవాలనుకుంది. మూసుకోలేదు. కొట్టు, ఆ మేడమీది గది, పైకప్పు చూస్తూ పడుకున్న మనిషి, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. "ఇప్పుడు" అంది.

టప్‌మని శబ్దం వచ్చింది.

ఆవిడ చేతుల్లో బరువు మారింది. సన్నటి ముక్క ఆవిడ చేతుల్లోకి వచ్చేసింది, పొడుగ్గా, ఒక్కటిగా. పెద్ద అద్దం బల్ల మీదే ఉంది, నిండుగా, కొట్టు పైకప్పునంతా తనలో చూపిస్తూ. ఆవిడ ముక్కను గోడకు చేరేసి, బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కన్నీళ్ళు వచ్చాయి. తుడుచుకోవడానికి చేతులు రాలేదు, గాజుపొడి ఉంది.

మరిది అంచు వెంబడి చూపు నడిపించాడు. మధ్యలో ఆగాడు. "ఇక్కడ కాస్త ఉబ్బెత్తుగా ఉంది వదినా" అన్నాడు మెల్లగా. అవును, జానెడు మేర అంచు ఒక బియ్యపుగింజంత బయటికి వచ్చింది.

"అదంతా ఫ్రేములోకి పోతుంది, ఎవరికి కనిపిస్తుందయ్యా!" అని సెలూనాయన లేచాడు. పాపం, ఇంతసేపు నోరు కట్టేసుకున్నాడు.

"నాకు కనిపిస్తుంది" అంది ఆవిడ. "అది నా తప్పే. ఫ్రేములో పెట్టేముందు సానరాయితో రుద్దుతాను. ఇంకోసారి ఇంకోచోట తప్పు చేస్తానేమో. అప్పుడూ రుద్దుకుంటాను." బల్ల చివరికి వెళ్ళి తాళాల గుత్తి తీసుకుంది. "ఇవి నా దగ్గరే ఉంటాయి బాబూ. మీ గది అలాగే ఉంచు, ఎప్పుడైనా చూసిపోవడానికి వస్తాం."

మరిది వదిన చేతిలోని తాళాలను చూశాడు, నేల మీద కూర్చుని ఎడమచేత్తో కట్టర్‌ను ఇంకా పట్టుకునే ఉన్న అన్నను చూశాడు. ఫోన్ల కొట్టాయన తన టేపును చప్పుడు కాకుండా జేబులో పెట్టేసుకున్నాడు. "అన్నయ్యా, లేపనా?" అన్నాడు మరిది.

"నేనే లేస్తా" అన్నాడు ఆయన. లేవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

మరిది వెళ్ళాక, ఆవిడ చీపురు తీసి ముక్కలూ పొడీ ఊడవడం మొదలుపెట్టింది. గోడకు చేరేసిన ఆ సన్నటి పొడుగు ముక్కను కూడా చెత్తడబ్బా వైపు తీసుకెళ్ళబోయింది.

"అది పారెయ్యకు" అన్నాడు ఆయన వెనక నుంచి.

ఆవిడ ఆగింది. ఇంత సన్నటి ముక్క దేనికి పనికొస్తుంది?

ఆయన కొళాయి పక్కనున్న మేకును చూపించాడు. పెళ్ళైన కొత్తలో తన అద్దం అక్కడే తగిలించుకునేవాడు.

"అక్కడ పెట్టు. ముఖం ఎత్తున పెట్టు" అన్నాడు. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అన్నాడు. "ఎడమచేత్తో గడ్డం గీసుకోవడం నేర్చుకోవాలి."

సెలూనాయన గుమ్మం దగ్గర ఆగిపోయాడు. "అంటే నా బేరం పోయినట్టేనా బావగారూ?" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో చెప్పడం కష్టం.

"మొదట్లో తెగుతుంది" అన్నాడు ఆయన. "అప్పుడు రా."